జబోర్స్క్ రక్తం డాక్టరమ్మ

కపితొలీనా యెగోరొవ్నా షూబినా ఎవరినైనా మొదటిసారి కలిసినప్పుడు ఏం తింటారని అడిగేది. మర్యాదకు అడిగే మాట కాదది. పొద్దున ఏం తిన్నారు, చిన్నప్పుడు మీ అమ్మ ఏం వండేది, చేపకు ఉప్పు ఎన్నాళ్ళు పట్టిస్తారు, పాలు కాచి తాగుతారా పచ్చివే తాగుతారా అని గుచ్చి గుచ్చి అడిగేది. రేవులో క్రేన్ నడిపే అర్ఖీప్ ఆవిడను మొదటిసారి డాన్సుకు పిలిచినప్పుడు చెయ్యి అందుకుని, డాన్సు చెయ్యకుండా, దీపం కిందికి లాక్కుపోయి గోళ్ళు చూసింది. "గోళ్ళు గుంటపడలేదు. రక్తం బానే ఉంది," అంది. "నా చెయ్యి పట్టుకున్న ఆడవాళ్ళలో నా రక్తం గురించి ఆలోచించింది ఈవిడొక్కతే. అందుకే పెళ్ళాడాను," అని అర్ఖీప్ తర్వాత నలభై ఏళ్ళపాటు అందరికీ చెప్పుకున్నాడు.

ఆవిడది కామా నదికి ఎగువన కలప కొట్టే పల్లె. తండ్రి యుద్ధానికి వెళ్ళి తిరిగి రాలేదు. తల్లి నది వెంట దుంగలు కట్టి పంపే పనిలో నడుం వంగిపోయేదాకా ఉంది. కాపా, ఇంట్లో ఆవిణ్ణి అలాగే పిలిచేవారు, చదువులో చురుకు. పేర్మ్‌లో వైద్యం చదివి, అరవై మూడో సంవత్సరంలో జబోర్స్క్ పెద్దాసుపత్రికి వచ్చింది. అప్పటికి ఇరవై నాలుగేళ్ళు. రక్తం జబ్బుల గది ఎవరూ కోరుకునేది కాదు గనక ఆవిడను అక్కడ వేశారు. పదకొండు మంచాలు. ఆ మంచాల మీద పడుకున్నవాళ్ళలో ఎక్కువమంది వసంతం చూసేవారు కాదు.

ఆ గదిలో చెయ్యడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు. రక్తం ఎక్కించడం, నొప్పి తగ్గించడం, అబద్ధం చెప్పడం. చెయ్యడానికి లేనప్పుడు చూడటానికైనా ఉంటుందేమోనని కాపా మెట్లు దిగి నేలమాళిగలోని పరీక్షల గదికి వెళ్ళింది. అక్కడ అవ్‌గూస్తా కార్లొవ్నా ఉండేది.

అవ్‌గూస్తా కార్లొవ్నా వోల్గా ఒడ్డు జర్మన్. నలభై ఒకటిలో జర్మనీతో యుద్ధం మొదలవగానే వాళ్ళ జనాన్నంతా బళ్ళెక్కించి పంపేసినప్పుడు ఆవిడ డాక్టరు చదువు చివరి ఏడాదిలో ఉంది. యుద్ధమంతా కామా అడవుల్లో చెట్లు నరికింది. ఎడమ చేతికి రెండు వేళ్ళు లేవు. ఆ తర్వాత ఎక్కడికీ వెళ్ళలేక ఇక్కడే ఉండిపోయింది. కాగితాల్లో ఆవిడ ఉద్యోగం పరీక్షల సహాయకురాలు. ఈ సంగతులు ఊళ్ళో అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు.

కాపా మొదటిసారి మైక్రోస్కోపులో కళ్ళు పెట్టి ఊరికే చూస్తూ కూర్చుంటే అవ్‌గూస్తా కార్లొవ్నా వెనక నుంచి అంది: "సినిమాకొచ్చావా? చూడకు, లెక్కపెట్టు. రెండొందల కణాలు. ఏది ఏదో పేరు పెట్టి లెక్కపెట్టు."

"ఇవి చాలావరకు ఒకేలా ఉన్నాయి కదండీ."

"పెళ్ళికెళ్తే మొదట అందరి మొహాలూ ఒకేలా ఉంటాయి. రెండో గ్లాసు తర్వాత ఎవరు అత్తో ఎవరు తాగుబోతు మావయ్యో తెలిసిపోతుంది. లెక్కపెట్టు."

కాపా లెక్కపెట్టింది. ఆ రోజు, ఆ నెల, మూడేళ్ళు. అవ్‌గూస్తా కార్లొవ్నా లెక్కపెట్టేటప్పుడు పెదవుల మధ్య జర్మన్‌లో అంకెలు గొణిగేది. విని విని కాపాకూ ఆ అంకెలు వచ్చాయి. తర్వాత అక్షరాలు అడిగి నేర్చుకుంది. తర్వాత బీరువా అడుగున దాచిన యుద్ధానికి ముందటి జర్మన్ రక్తశాస్త్రం పుస్తకాన్ని ఇద్దరూ కలిసి పేజీ పేజీగా చదివారు. ఎందుకు నేర్చుకుంటున్నావని అర్ఖీప్ అడిగితే, "అందులో బొమ్మలు బావున్నాయి," అంది.

అరవై ఆరు మార్చిలో సవేలీ ప్రోఖొరొవిచ్ ఒకూలొవ్‌ను మంచుబండి మీద తీసుకొచ్చారు. యాభై నాలుగేళ్ళ మనిషి. నదిలో పడవలకు దారి చూపే తేలుడు దీపాలను సాయంత్రం వెలిగించి, తెల్లారి ఆర్పడం అతని పని. ఇరవై ఏళ్ళుగా ఊరికి ముప్పై మైళ్ళ దూరాన ఒడ్డు మీద ఒక కర్ర ఇంట్లో భార్య ఉస్తీన్యాతో ఉంటున్నాడు. ఎత్తైన మనిషి, భుజాలు తలుపంత వెడల్పు. కానీ మంచం దాకా నలుగురు పట్టుకుంటే తప్ప నడవలేకపోయాడు. మొహం కాగితంలా తెల్లబడి, ఆ తెలుపులో కొంచెం పసుపు కలిసి ఉంది.

విభాగానికి పెద్ద గ్లెబ్ అర్కాద్యెవిచ్ తెర్నోవ్‌స్కీ. తెలివైనవాడు, తొందర మనిషి, యుద్ధంలో ఫీల్డు ఆసుపత్రిలో రోజుకు వందమందిని చూసిన అలవాటు. సవేలీ రొమ్ముటెముక నుంచి మూలుగ తీయించి చూశాడు. నిండా పెద్ద పెద్ద పచ్చి కణాలు. ఎర్ర కణాలు, తెల్ల కణాలు, రక్తం గడ్డకట్టించే కణాలు మూడూ పడిపోయాయి. శుక్రవారం రౌండ్ల తర్వాత వసారాలో చెప్పాడు: "రక్త క్యాన్సర్. పెళ్ళానికి చెప్పండి. అతనికి రక్తహీనత అని చెప్పండి. సోమవారం నుంచి మందు మొదలెడదాం."

ఆ మందంటే కణాలను చంపే మందు. ఆ రోజుల్లో దానివల్ల కొందరికి రెండు మూడు నెలలు కలిసొచ్చేవి, కొందరు ఆ వారమే పోయేవారు.

శనివారం కాపా కిందికి దిగి సవేలీ రక్తపు స్లైడు ముందు కూర్చుంది. మూలుగ ఎవరైనా చూస్తారు, వేలి చుక్క రక్తాన్ని ఎవరూ సరిగా చూడరని అవ్‌గూస్తా కార్లొవ్నా ఎప్పుడూ విసుక్కునేది. కాపా నలభైదాకా లెక్కపెట్టి ఆగిపోయింది. తెల్ల కణం లోపల ఉండే గింజ మూడు తమ్మెలుగానో నాలుగు తమ్మెలుగానో ఉండాలి. ఈ కణంలో ఆరున్నాయి. జరిపి చూస్తే ఇంకో కణం, దానిలోనూ ఆరు. ఇంకోదానిలో ఏడు.

"అవ్‌గూస్తా కార్లొవ్నా, ఒకసారి ఇలా వస్తారా?"

ఆవిడ వచ్చి వంగి చూసింది. కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"పెద్దాయన ఇది చూశాడా?"

"మూలుగ చూశారు."

"ముసలి కణాలు కాపా ఇవి. విడిపోవాల్సినప్పుడు విడిపోలేక కూర్చున్నవి. క్యాన్సర్లో ఇవి ఇలా రావాలని లేదు." మళ్ళీ వంగి చూసి అంది: "నాకు తెలీదు. పైకెళ్ళి ఆ మనిషి నాలుక చూడు."

నాలుక ఎర్రగా, నున్నగా, నూనె రాసినట్టుంది. సవేలీ దాన్ని లోపలికి తీసుకుని నిష్ఠూరంగా అన్నాడు: "మంటమ్మా. కొత్తేడాదప్పట్నించి ఉప్పు తగిలితే మంట. ఉస్తీన్యా నా కోసం సూపులో ఉప్పెయ్యడం మానేసింది. ఉప్పులేని సూపు తిని బతకడం కంటే..."

"కాళ్ళు?"

"కాళ్ళు నావి కావు. పడుకుంటే చీమలు పాకినట్టు, నిలబడితే గడ్డివాము మీద నిలబడ్డట్టు. ఎందుకడుగుతున్నావు యెగోరొవ్నా? రక్తహీనతకీ కాళ్ళకీ ఏంటి సంబంధం?"

"చెప్తాను. ముందు మీరు చెప్పండి. ఏం తింటారు అక్కడ?"

"మనుషులు తినేదే."

"రోజూ ఏం తింటారో చెప్పండి సవేలీ ప్రోఖొరొవిచ్. అన్నీ."

అతను పక్కమంచం వైపు చూసి, ఈ పిల్లకు పనిలేనట్టుంది అన్నట్టు కనుబొమ్మలెగరేశాడు. కానీ తిండి సంగతి వచ్చేసరికి మొహంలో కాస్త ప్రాణమొచ్చింది. రై రొట్టె. బంగాళాదుంపలు. పుల్లబెట్టిన క్యాబేజీ. చేప. ఎండు చేప, పొగబెట్టిన చేప, చేప సూపు.

"ఏ చేప?"

"షూకా. మా దగ్గర షూకా చేప మొసలంత పెరుగుతుంది. చలికాలం మంచుకి కన్నం కొట్టి తీస్తాను. దాని పొట్టలో గుడ్ల జన, ఆహా. నువ్వు తిన్నావా ఎప్పుడైనా ఐదు నిమిషాల జన?"

"ఎలా చేస్తారు?"

"చెయ్యడానికేముంది? పొట్ట కోసి జన తియ్యి. పొర తీసెయ్యి. ఉప్పు, కాస్త ఉల్లిపాయ. ఐదు నిమిషాలు ఆగు. నేనైతే మూడు నిమిషాలే ఆగుతాను." నున్నటి నాలుకతో పెదవులు తడుపుకున్నాడు. "చెంచా పెట్టి తినాలి. రొట్టె మీద రాసుకునేది పట్నం వాళ్ళు."

"ఎన్నేళ్ళ నుంచి?"

"పళ్ళొచ్చినప్పట్నించి."

కాపా లేచి నిలబడింది. నర్సును పిలిచి ఒక డబ్బా ఇప్పించింది.

"దీన్లో ఏం పోయాలి?" అన్నాడు సవేలీ.

"పొయ్యడం కాదు."

"ఓరి దేవుడా," అన్నాడతను. "పట్నం వైద్యం ఇదన్నమాట."

ఆదివారం సెలవైనా అవ్‌గూస్తా కార్లొవ్నా వచ్చింది. డబ్బాలోది మైక్రోస్కోపు కింద పెడితే పది నిమిషాల్లో దొరికాయి: కోడిగుడ్డు ఆకారంలో, ఒక కొసన చిన్న మూతలాంటిది ఉన్న గుడ్లు, డజన్లకొద్దీ. చేప నుంచి వచ్చే బద్దెపురుగువి. పచ్చి జనలో ఉన్న పిల్ల పురుగు మనిషి పేగులో చేరి, ఏళ్ళ తరబడి పెరుగుతూ, మనిషికి రక్తం పట్టడానికి కావలసిన బి-పన్నెండు విటమిన్‌ను తానే తినేస్తుంది. అది లేకపోతే మూలుగలో కణాలు పెరుగుతాయి కానీ పండవు. పచ్చిగానే నిండిపోతాయి. చూసేవాళ్ళకు క్యాన్సర్ లాగే ఉంటుంది.

సోమవారం పొద్దున తెర్నోవ్‌స్కీ గదిలో కాపా స్లైడు పట్టుకుని నిలబడింది. ఆయన అంతా విన్నాడు.

"బద్దెపురుగు ఉన్నవాడికి క్యాన్సర్ రాకూడదని ఎక్కడైనా రాసుందా?"

"లేదు గ్లెబ్ అర్కాద్యెవిచ్."

"కామా ఒడ్డున ప్రతి ఇంట్లోనూ బద్దెపురుగులే. అందరూ ఇలా పడుకున్నారా?"

"లేదండీ. ఎందుకో నాకు తెలీదు. కానీ బి-పన్నెండు సూదిమందు ఇచ్చి చూస్తే తెలుస్తుంది. పురుగైతే వారంలోపు కొత్త ఎర్ర కణాలు రావాలి. రాకపోతే మీ మందు ఇద్దాం."

"వారంలో అతను పోతే?"

"మీ మందుతో అయినా పోవచ్చు కదండీ," అంది కాపా, అనేశాక తానే భయపడింది.

తెర్నోవ్‌స్కీ కిటికీలోంచి చూశాడు. కింద వాకిట్లో ఆసుపత్రి గుర్రం ఆవిర్లు కక్కుతోంది. "ఆరు రోజులు. ఏడో రోజు నాది," అన్నాడు.

మొదటి మూడు రోజులు ఏమీ జరగలేదు. ఉస్తీన్యా వసారా బెంచీ మీద మూటలా కూర్చుని, ఎవరొచ్చినా లేచి నిలబడేది. ఆవిడకు క్యాన్సర్ అని ముందే చెప్పేశారు. ఇప్పుడు కాదేమో అని చెప్పడానికి కాపాకు ధైర్యం చాల్లేదు. నాలుగో రోజు సవేలీ సూపులో ఉప్పు తక్కువైందని నర్సుతో పోట్లాడాడు. ఐదో రోజు లేచి కూర్చుని, మే నెలలో పడవలు కదిలే లోపు తనను పంపకపోతే దీపాలు ఎవరు పెడతారని అందరినీ అడిగాడు. ఆరో రోజు కాపా, అవ్‌గూస్తా కార్లొవ్నా చెరో స్లైడు తీసుకుని విడివిడిగా లెక్కపెట్టారు. వెయ్యి ఎర్ర కణాల్లో లేతవి ఎన్ని? మొదటి రోజు వెయ్యికి నాలుగు. ఇప్పుడు కాపాకు మూడు వందల పది వచ్చాయి. అవ్‌గూస్తా కార్లొవ్నాకు మూడు వందల రెండు.

"నువ్వు ఆశతో లెక్కపెట్టావు. ఎనిమిది ఎక్కువ," అందావిడ. అని, కాపా తలను తన మూడు వేళ్ళ చేత్తో దగ్గరికి తీసుకుంది.

తెర్నోవ్‌స్కీ తనే కిందికి వచ్చాడు. ఎనిమిదేళ్ళలో ఆయన ఆ మెట్లు దిగడం అదే మొదటిసారట. కోటు విప్పకుండా స్టూలు మీద కూర్చుని చాలాసేపు చూశాడు. లేచి, తలుపు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగాడు.

"భార్య కూడా అదే జన తింది కదా?"

"తిందండీ."

"ఆవిణ్ణి పరీక్ష చేశారా?"

చెయ్యలేదు. ఆ సాయంత్రమే చేశారు. ఉస్తీన్యాకూ పురుగుంది. రక్తం మాత్రం ఆపిల్ పండులా ఉంది. ఒకే చేప, ఒకే గిన్నె, ఒకే చెంచా కూడా. ఒకరు చావు దాకా వెళ్ళారు, ఒకరు బుగ్గలు ఎర్రగా బెంచీ మీద కూర్చున్నారు. ఎందుకు? తెర్నోవ్‌స్కీకి తెలియలేదు, అవ్‌గూస్తా కార్లొవ్నాకు తెలియలేదు, జర్మన్ పుస్తకంలో లేదు. కాపా ఆ ప్రశ్నను తన నోటుపుస్తకంలో రాసుకుంది. దాని కింద ఖాళీ వదిలింది.

సవేలీ బలం పుంజుకున్నాక అడవి ఫెర్న్ వేరు మందు ఇచ్చి, భేదిమందు ఇచ్చి పురుగును దింపారు. తల కూడా వచ్చిందా లేదా అని నర్సులు వెతుకుతుంటే అతను తెర వెనక నుంచి అరిచాడు: "కొలిచారా? కొలవండి!" కొలిచారు. తొమ్మిది మీటర్ల చిల్లర. "నా కంటే ఐదింతలు పొడుగు," అని అతను గదంతా వినబడేలా చెప్పాడు. "ఉస్తీన్యాది ఎంత?" ఆరు మీటర్లని తెలిసి చాలా సంతోషించాడు.

మే పదో తేదీకల్లా అతని దీపాలు నదిలో వెలిగాయి. శీతాకాలంలో కృతజ్ఞతగా మూడు లీటర్ల జాడీ పంపాడు. మూత తీస్తే ఐదు నిమిషాల జన. అర్ఖీప్ చెంచా తెచ్చుకునేలోపు కాపా ఆ జాడీ మొత్తం పెనం మీద కుమ్మరించి, నల్లగా మాడేదాకా వేయించింది.

"ఈ ఇంట్లోకి వచ్చిన పురుగుకు కూడా సుఖం లేదు," అన్నాడు అర్ఖీప్.

ఈ కథ ఊరంతా పాకింది. జనం ఆవిణ్ణి రక్తం డాక్టరమ్మ అనడం మొదలుపెట్టారు. కానీ సవేలీలు అరుదు. ఆ గదికి వచ్చినవాళ్ళలో చాలామందికి వచ్చింది క్యాన్సరే. డెబ్బై ఒకటిలో పిల్లల కోసం వేరే గది పెట్టి దాన్ని కాపాకు అప్పగించారు. ఎనిమిది చిన్న మంచాలు. అక్కడ పిల్లలకు ఆవిడ మొత్తం పేరు నోరు తిరగక కాపా అత్త అనేవాళ్ళు. చీటీల మీద రోగం పేరు ఎప్పుడూ రక్తహీనతే. నియమం అది. తల్లులు ఏడవడానికి మెట్ల దగ్గరికి వెళ్ళేవారు. వెళ్ళి, ఒకే ప్రశ్న అడిగేవారు: మా పిల్లకే ఎందుకు? నేనేం తిన్నాను, నేనేం తప్పు చేశాను? పక్కింటి పిల్లకు ఎందుకు రాలేదు? కాపాకు ప్రతిసారీ ఉస్తీన్యా ఎర్రటి బుగ్గలు గుర్తొచ్చేవి. "మీరేం చెయ్యలేదు. ఎందుకో మాకు తెలీదు," అనేది. తెలీదు అనే డాక్టరును చూసి కొందరికి కోపం వచ్చేది.

డెబ్బై నాలుగులో రీమ్మా అని పదకొండేళ్ళ పిల్ల వచ్చింది. తల్లి రొట్టెల కార్ఖానాలో పిండి కలిపేది. రీమ్మా లెక్కల్లో గట్టిది. మూడు వారాలు చూసి, ఒక రోజు కాపా నాడి పట్టుకుని ఉండగా అడిగింది:

"కాపా అత్తా, మా గదిలో ఎనిమిది మందికీ రక్తహీనతేనా?"

"అవును."

"పై అంతస్తులో రక్తహీనత ఉన్న వాళ్ళు రెండు వారాలకు ఇంటికెళ్తున్నారు. మా గదిలో నేనొచ్చాక నలుగురు వెళ్ళారు. వాళ్ళ చెప్పులు మాత్రం ఇక్కడే ఉన్నాయి. నర్సమ్మ తర్వాత తీసేసింది. చెప్పుల్లేకుండా ఇంటికెలా వెళ్ళారు?"

కాపా చేతిలో నాడి అలాగే కొట్టుకుంటూ ఉంది. అబద్ధం నాలుక చివరే ఉంది, ఎప్పుడూ ఉండేదే. అది బయటికి రాలేదు.

"నీకు వచ్చింది వేరే జబ్బు రీమ్మా. రక్తం పుట్టే చోట తప్పుడు కణాలు పుడుతున్నాయి. మేం మందిస్తున్నాం. కొన్నాళ్ళు అణిగి ఉంటుంది. ఆ తర్వాత ఏమవుతుందో చెప్పలేను."

పిల్ల ఏడవలేదు. ఆలోచించింది. "అవి కనబడతాయా?" అంది.

మర్నాడు మధ్యాహ్నం కాపా ఆ పిల్లను దుప్పటి చుట్టి ఎత్తుకుని మెట్లు దిగింది. అవ్‌గూస్తా కార్లొవ్నా స్టూలు మీద రెండు దిండ్లు వేసింది. రీమ్మా తన రక్తాన్ని తను చూసుకుంది.

"ఊదారంగులో ఉన్నాయి," అంది. "వంకాయల్లా. ఇవేనా? ఇంత అందంగా ఉన్నాయేంటి?"

"నేనూ అదే అనుకుంటాను," అంది అవ్‌గూస్తా కార్లొవ్నా. "పాపం అనిపిస్తుంది, కానీ అందంగా ఉంటాయి. లెక్కపెడతావా?"

రీమ్మా వంద లెక్కపెట్టింది. ఆ తర్వాత ప్రతి గురువారం కిందికి తీసుకెళ్ళమనేది. తన అంకెలు ఒక గళ్ళ కాగితం మీద రాసుకునేది. మందుకు అవి తగ్గినప్పుడు గదిలో అందరికీ చెప్పేది. సెప్టెంబరులో పెరగడం మొదలైనప్పుడు ఎవరికీ చెప్పలేదు, కాపాకు కాగితం మాత్రం చూపించింది. అక్టోబరు ఇరవై రెండున పోయింది.

పిల్లకు నిజం చెప్పినందుకు కాపాకు రాతపూర్వకంగా మందలింపు వచ్చింది. సంతకం పెట్టి ఇచ్చింది తెర్నోవ్‌స్కీయే. "నియమం నియమం. నేనైతే చెప్పేవాణ్ణి కాదు," అన్నాడు. కాసేపటికి, "నేనైతే ఆ చెప్పులు చూసి ఉండేవాణ్ణి కూడా కాదు," అన్నాడు. రీమ్మా తల్లి నలభయ్యో రోజున, పోయినవాళ్ళను తలుచుకునే ఆనవాయితీ ప్రకారం, తీపిరొట్టె పట్టుకుని ఆసుపత్రికి వచ్చింది. ఫిర్యాదు చెయ్యడానికని నర్సులు భయపడ్డారు. ఆవిడ రొట్టె కాపా చేతిలో పెట్టి, "నాతో అది అన్నీ మాట్లాడింది. ఏ గౌను వెయ్యాలో కూడా తనే చెప్పింది. మిగతా తల్లులకు ఆ మాటలు కూడా లేవు," అని వెళ్ళిపోయింది. కాపా ఆ రొట్టెను అందరికీ పంచింది. తను తినలేకపోయింది.

ఆ తర్వాత ఆవిడ ఏ చీటీలోనూ రక్తహీనత అని అబద్ధం రాయలేదు. ఇంకో రెండు మందలింపులు వచ్చాయి.

అవ్‌గూస్తా కార్లొవ్నా ఎనభై ఆరులో పోయింది. తెర్నోవ్‌స్కీ రిటైరై తోటలో ఉల్లిపాయలు పెంచుకుంటున్నాడు. దేశం పేరు మారింది. దుకాణాల్లో చక్కెర లేదు, ఆసుపత్రిలో చేతి తొడుగులు లేవు. సరిగ్గా అప్పుడే, తొంభై రెండు వేసవిలో, మాస్కోలో ఒక సమావేశానికి వెళ్ళిన కాపా అరవై పేజీల నకలు కాగితాలు సంచిలో పెట్టుకుని తిరిగొచ్చింది. పిల్లల రక్త క్యాన్సర్‌కు జర్మన్లు వాడే పద్ధతి. ఏ రోజు ఏ మందు, ఎంత, ఎన్నాళ్ళు, రోజు రోజుకూ రాసి ఉంది. వాళ్ళ పిల్లల్లో పదిమందికి ఏడుగురు బతుకుతున్నారని అందులో ఉంది. కాపా గదిలో పదిమందికి ఒకరు.

"అచ్చుతప్పయ్యుంటుంది," అన్నాడు అర్ఖీప్.

"నేనూ అదే అనుకుని మూడుసార్లు చదివాను."

రష్యన్ అనువాదం వచ్చేదాకా ఆగలేదు. వంటింటి బల్ల మీద కూర్చుని జర్మన్‌లోనే చదువుకుంటూ, పక్క కాగితం మీద నర్సుల కోసం రష్యన్‌లో రాస్తూ పోయింది. అర్థం కాని మాట దగ్గర అలవాటుకొద్దీ అవ్‌గూస్తా కార్లొవ్నా కోసం తలెత్తి చూసేది. ఎదురుగా అర్ఖీప్ బంగాళాదుంపలు తొక్క తీస్తూ ఉండేవాడు.

మందులు జర్మనీలోని ఒక చర్చి వాళ్ళు డబ్బాల్లో పంపారు. కానీ మందులు తెలుపు, ఎరుపు కణాలను రెంటినీ తుడిచిపెట్టేస్తాయి. ఆ రోజుల్లో చిన్న సూక్ష్మక్రిమి చాలు పిల్ల పోవడానికి. జర్మన్ల దగ్గర గాలిని వడకట్టే గదులున్నాయి. జబోర్స్క్‌లో తల్లులున్నారు. కాపా తల్లులను కూర్చోబెట్టి చెప్పింది: "కాగితంలో ఉన్నది నేను చేస్తాను. కాగితంలో లేనిది మీరు చెయ్యాలి. రోజుకు నాలుగుసార్లు బ్లీచింగ్ నీళ్ళతో నేల. నీళ్ళు, పాలు అన్నీ మరిగించాలి. పచ్చిది ఏదీ నోట్లోకి పోకూడదు. ఇంటి నుంచి పిరోగీ రొట్టెలు తెచ్చే బామ్మలను నేను మెట్ల మీదే ఆపుతాను."

"చర్చిలో ఇచ్చే దేవుడి నీళ్ళు కూడానా?" అని ఒక బామ్మ అడిగింది.

"మరిగించి ఇవ్వండి. దేవుణ్ణి వేడి ఏమీ చెయ్యదు."

మొదటి పిల్లవాడు గొర్దేయ్, ఐదేళ్ళవాడు. ఇరవై మూడో రోజున జ్వరం నలభై డిగ్రీల సెల్సియస్ దాటింది. నోరంతా పుండ్లు. తండ్రి కాపాను వసారాలో ఆపి, "నా కొడుకును జబ్బు చంపట్లేదు, మీరు చంపుతున్నారు," అన్నాడు. అతను అన్నది అబద్ధమని రుజువు చెయ్యడానికి ఆవిడ దగ్గర ఆ రోజుకు ఏమీ లేదు. కాగితంలో మాత్రం, ఆగవద్దు అని ఉంది. ఆవిడ ఆగలేదు. ముప్పై మూడో రోజున మూలుగ తీసి చూసింది. వెతికింది. ఐదొందలు లెక్కపెట్టింది. ఊదా కణం ఒక్కటీ లేదు.

తర్వాత ఆరేళ్ళలో ఆ పద్ధతిలో వైద్యం చేసిన మొదటి ఇరవై ఆరు మందిలో పదిహేడు మంది బతికారు. పోయిన తొమ్మిది మందిలో ఇద్దరు జబ్బుతో కాదు, మందుల దెబ్బకే పోయారని కాపా డాక్టర్ల సమావేశంలో లేచి నిలబడి చెప్పింది. చెప్పమని ఎవరూ అడగలేదు. గొర్దేయ్ ఇప్పుడు ట్రక్కు నడుపుతాడు, బట్టతల, ఇద్దరు కూతుళ్ళు.

డెబ్బై రెండేళ్ళప్పుడు కూడా ఆవిడ వారానికి మూడు రోజులు పరీక్షల గదికి వెళ్ళేది. విభాగం అప్పటికి ఆవిడ శిష్యురాలు తైసియా చేతిలో ఉంది. సిబ్బందికి ఏటా చేసే పరీక్షల స్లైడ్లు ఎవరూ చూడకపోతే కాపానే చూసేది. ఆ ఏడాది ఒక స్లైడులో చిన్న తెల్ల కణాలు మరీ ఎక్కువగా కనిపించాయి. వాటి మధ్య అక్కడక్కడా నలిగి పగిలిన కణాల మరకలు. నిదానంగా సాగే ముసలివాళ్ళ రక్త క్యాన్సర్, చాలా చక్కటి ఉదాహరణ. కుర్ర డాక్టర్లకు చూపించాలని పక్కన పెట్టి, చీటీ మీద పేరు చూసింది. షూబినా క. యె.

స్లైడు చూసిన తైసియా ఆ రోజంతా ఆవిడ నుంచి తప్పించుకు తిరిగింది. చివరికి టీ గదిలో దొరికిపోయింది.

"మీకు చలికాలంలో జలుబు చేసింది కదా, కపితొలీనా యెగోరొవ్నా. దానివల్ల కొంచెం పెరిగి ఉంటాయి..."

"తైసియా."

"ఏంటండీ?"

"నాకు రక్తహీనతా?"

తైసియా కప్పు కింద పెట్టేసి ఏడ్చింది. కాపా ఆవిడకు టీలో జామ్ వేసి ఇచ్చి, కూర్చోబెట్టింది.

నాకే ఎందుకు అనే ప్రశ్న వస్తుందని కాపా ఎదురుచూసింది. వందల మంది నోట విన్నది, తన దగ్గరికీ వస్తుంది కదా అనుకుంది. రాలేదు. ఇంకో ప్రశ్న వచ్చింది: ఎప్పటి నుంచి? మర్నాడే నేలమాళిగలో పాత స్లైడ్ల పెట్టెలు దింపించుకుంది. ఏటేటా తీసిన తన రక్తం, ఏడాది వెనక ఏడాది, మైక్రోస్కోపు కింద పెట్టుకుంటూ పోయింది. రెండు వేల పది, తొమ్మిది, ఎనిమిది. ప్రతిదానిలో ఉన్నాయి, కొంచెం కొంచెం తక్కువగా. రెండు వేల నాలుగు స్లైడులో అంచున రెండు మరకలు దొరికాయి. రెండు వేల మూడులో లేవు. మళ్ళీ చూసింది, లేవు. అర్ఖీప్ పోయింది రెండు వేల నాలుగు వేసవిలో. ఆ రెంటికీ సంబంధం ఏమీ లేదని వైద్యురాలిగా ఆవిడకు తెలుసు. అయినా ఆ స్లైడును కాసేపు చేతిలో పట్టుకుని కూర్చుంది.

"ఏడేళ్ళుగా నాలో ఉంది. రోజూ ఆ గదిలోనే కూర్చుని నేనే కనుక్కోలేకపోయాను చూశావా," అని తైసియాతో అంది. సిగ్గు కంటే ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది ఆ గొంతులో.

దానికి మందు వెంటనే ఇవ్వరు. మూడు నెలలకొకసారి చూస్తూ ఉంటారు. ఎనిమిదేళ్ళు చూశారు. తర్వాత మాత్రలు మొదలయ్యాయి. వాటివల్ల కీళ్ళ నొప్పులు అని ఆవిడ సణుగుతుంది, మానదు. తోటలో దోసకాయలు వేస్తుంది. పోయిన మంగళవారం పరీక్షల గది నుంచి తైసియాకు ఫోను చేసింది. ఒక ట్రాక్టరు డ్రైవరు రక్తంలో ఏదో ఉంది, తను ఎప్పుడూ చూడనిది.

"ఏం తింటాడట?" అంది తైసియా.

"అడిగాను. అన్నీ వండినవే అంటాడు. నమ్మకం కుదరట్లేదు. వస్తావా?"

"భోంచేసి వస్తానండీ."

"భోజనం తర్వాత చేద్దువు," అంది కపితొలీనా యెగోరొవ్నా. "స్లైడు మీద రంగు వెలిసిపోతుంది."